ప్లాంక్ నియమం బద్దలవలేదు మహాప్రభో!

"భౌతికశాస్త్ర నియమం బద్దలు!" అనే శీర్షిక ఎక్కడ కనబడినా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. దాని కింద ఎప్పుడూ ఒకటే బొమ్మ. రెండు పలకలు, వాటి మధ్య ఎర్రటి బాణాలు. "నానోమీటర్ల దూరంలో వేడి వెయ్యి రెట్లు ఎక్కువగా ప్రవహించింది, వందేళ్ల నాటి ప్లాంక్ సూత్రం తప్పని తేలింది" అని నాలుగు ముక్కలు. మూడు రోజులు పోయాక అదే బొమ్మ వాట్సప్‌లో ఇంకో అవతారం ఎత్తుతుంది: "శూన్యంలో అంతులేని శక్తి ఉందని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు". ఇంకో మూడు నెలలకి దాన్ని పట్టుకుని ఎవడో ఒకడు మన ఊళ్లలో డీలర్‌షిప్పులు అమ్ముతాడు.

ఈ మూడింటికీ సంబంధం ఉందనేదే నా గోల. మూడోవాడిని అందరం దొంగ అంటాం. కానీ వాడి పెట్టుబడి మొదటివాడు రాసిన శీర్షికే.

ముందే చెప్తున్నా, నేను భౌతికశాస్త్రవేత్తని కాను. పొద్దున లేస్తే జావా కోడు రాసుకుని పొట్టపోసుకునేవాణ్ణి. కానీ నా వృత్తి నాకు ఒక విషయం బాగా నేర్పింది. ఏ ఫంక్షనుకైనా కొన్ని షరతులుంటాయి. "ఇన్‌పుట్ సున్నా కాకూడదు" అని పైన రాసిపెట్టి ఉంటుంది. అది చదవకుండా సున్నా పంపి, "మీ కోడు పని చెయ్యట్లేదు" అని బగ్ రాసే మహానుభావులు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ప్లాంక్ మీద బగ్ రాస్తున్న పాత్రికేయులు కూడా ఆ బాపతే.

సరే, విషయంలోకి వద్దాం.

ప్లాంక్ చెప్పిందేమిటి?

ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతని బట్టి కాంతిని వెదజల్లుతూ ఉంటుంది. మనం కూర్చున్న కుర్చీ, తాగుతున్న కాఫీ, మనం, అన్నీ. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ కాంతి కంటికి కనబడదు, పరారుణ కాంతి అన్నమాట. దాని తరంగదైర్ఘ్యం 10 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, అంటే తలవెంట్రుక మందంలో ఏడో వంతో, ఎనిమిదో వంతో. ఏ రంగులో ఎంత కాంతి వస్తుందో లెక్కగట్టే సూత్రాన్ని మాక్స్ ప్లాంక్ 1900లో ఇచ్చాడు. దాని ప్రకారం 27 డిగ్రీల దగ్గర ఉన్న నల్లటి ఉపరితలం చదరపు మీటరుకి సుమారు 460 వాట్లు వెదజల్లుతుంది. అంతకు మించి వెదజల్లడం కుదరదు. దీన్నే కృష్ణవస్తువు హద్దు అంటారు.

ఇక్కడే షరతు ఉంది. వేడి వికిరణం మీద ప్లాంక్ ఒక పుస్తకం రాశాడు. అందులో మొదట్లోనే స్పష్టంగా చెప్పాడు: నేను మాట్లాడుతున్న ఖాళీలూ, వస్తువుల కొలతలూ అన్నీ కాంతి తరంగదైర్ఘ్యం కంటే చాలా పెద్దవని అనుకుంటున్నాను అని. ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో కాదు. ముందే, రాజమార్గంలో.

మరి ఖాళీ 10 మైక్రాన్ల కంటే తక్కువైతే ఏమవుతుంది? ప్లాంక్ సూత్రం తప్పవదు. అది ఆ ప్రశ్నకి జవాబు చెప్పదు, అంతే. "నువ్వు అడిగింది నా పరిధిలోది కాదు నాయనా" అన్నవాడిని పట్టుకుని అబద్ధాలకోరు అంటే ఎలా?

గేటూ, ప్రహరీ గోడా

అక్కడ ఏం జరుగుతుందో ఒక మామూలు పోలికతో చెప్తాను. ఒక ఇంట్లోంచి బయటికి ఎంత సరుకు పోతుందో లెక్కగట్టాలి. మీరు గేటు దగ్గర కూర్చుని, వీధిలోకి వెళ్లే ప్రతి సంచీనీ లెక్కపెట్టారు. ఇళ్లు దూరదూరంగా ఉన్నంత కాలం ఆ లెక్క నిక్కచ్చిగా ఉంటుంది. పక్కిల్లు ప్రహరీ గోడ ఆనుకుని ఉందనుకోండి. అప్పుడు పిన్నిగారు గోడ మీంచి కూరగిన్నె అందిస్తుంది, అవతలావిడ గిన్నెడు పంచదార ఇస్తుంది. ఇదంతా గేటు లెక్కలోకి రాదు. గేటు దగ్గర కూర్చున్నవాడు తప్పు చెయ్యలేదు. గోడ వ్యాపారం వేరే ఖాతా.

వేడిలో కూడా ఇలాంటి రెండో ఖాతా ఉంది. వస్తువు లోపల అణువులూ ఎలక్ట్రాన్లూ వేడికి ఊగిపోతూ విద్యుదయస్కాంత తరంగాలని పుట్టిస్తాయి. వాటిలో కొన్ని బయటికి పారిపోతాయి. అవే ప్లాంక్ లెక్కపెట్టినవి. మరికొన్ని ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉండి, బయటికి కొద్ది దూరంలోనే సన్నగిల్లి చచ్చిపోతాయి. పక్కన ఏమీ లేకపోతే వాటివల్ల ఒక్క వాటు కూడా ఎక్కడికీ పోదు. అవి చచ్చేలోపు అందేంత దగ్గరలో ఇంకో వస్తువు పెడితే మాత్రం, వేడి గోడ దూకేస్తుంది. గాజు, సిలికాన్ కార్బైడ్ లాంటి పదార్థాల్లో అణువుల ఊపూ కాంతీ జతకట్టి ఉపరితలం మీద పాకే ప్రత్యేక తరంగాలుంటాయి. అక్కడ ఈ గోడ దూకుడు మరీ ఎక్కువ.

ఇదేమీ నిన్నగాక మొన్న ఎవరో యాదృచ్ఛికంగా కనిపెట్టింది కాదు. రష్యన్ శాస్త్రవేత్త రీతోవ్ 1950ల్లో దీనికి పునాది వేశాడు. ఫిలిప్స్ కంపెనీ ప్రయోగశాలలో పనిచేసిన హార్‌గ్రీవ్స్ 1969లో క్రోమియం పూత పూసిన పలకల మధ్య దీన్ని కొలిచాడు. 1971లో పోల్డర్, వాన్ హోవ్ కలిసి పూర్తి లెక్క రాసి ప్రచురించారు. 2009లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో గాంగ్ చెన్ బృందం, ఫ్రాన్సులో ఇంకో బృందం విడివిడిగా కొలిచి చూపించాయి.

ఎం.ఐ.టి. వాళ్ల ప్రయోగం ముచ్చటగా ఉంటుంది. రెండు చదును పలకల్ని నానోమీటర్ల దూరంలో సమాంతరంగా నిలబెట్టడం మహా కష్టం. అందుకని ఒక పలక బదులు కంటికి కనబడీ కనబడని గాజుపూస తీసుకున్నారు. దాన్ని రెండు వేర్వేరు పదార్థాల పొరలున్న సన్నటి పట్టీకి అతికించారు. వేడెక్కితే ఒక పొర ఎక్కువ, ఇంకోటి తక్కువ సాగి పట్టీ వంగుతుంది. మన ఇస్త్రీపెట్టె థర్మోస్టాట్‌లో ఉండేది ఈ పట్టీయే, కాస్త పెద్దది. ఆ వంపుని లేజరుతో కొలిచారు. ఖాళీ 30 నానోమీటర్లకి తగ్గించేసరికి, గోడ దూకే వేడి కృష్ణవస్తువు హద్దుకి సుమారు వెయ్యి రెట్లు తేలింది.

అద్భుతం. కానీ ఆ విశ్వవిద్యాలయం సొంత వార్తా విభాగమే దానికి "నియమభంగం" అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టింది. లోపల వ్యాసం చదివితే ప్లాంక్ పెట్టిన షరతు గురించి చెప్పారు కూడా. కానీ ఎంతమంది లోపలికి వెళ్తారు చెప్పండి? శీర్షిక ఊరూరా తిరిగింది, షరతు ఇంట్లోనే ఉండిపోయింది.

ఒకటే ప్రశ్న అడుగుతాను. రెండు వస్తువులనీ ఒకే ఉష్ణోగ్రత దగ్గర పెట్టండి. ఇప్పుడు ఒకదాన్నించి ఇంకోదానికి నికరంగా ఎంత వేడి పోతుంది? సున్నా. ఖాళీని 30 నానోమీటర్లకి తగ్గించండి. వెయ్యి రెట్లు సున్నా ఎంత? సున్నా. వేడి అప్పుడూ ఇప్పుడూ ఎక్కువ వేడిగా ఉన్నదాన్నించి తక్కువ వేడిగా ఉన్నదానికే పోతోంది. దారి వెడల్పయింది, అంతే. ఏ నియమం బద్దలైందో కాస్త చూపించండి.

వీణ కుండ పాడదు

ఇప్పుడు ఇంకో మెట్టు పైకెక్కుదాం, ఎందుకంటే కొత్త శీర్షికలన్నీ ఇక్కణ్ణించే రాబోతున్నాయి. ఈ వేడి మార్పిడిని మనకి కావలసినట్టు పెంచడం, తగ్గించడం కుదురుతుందా? కుదురుతుంది. అందుకో మంచి సాధనం ఆప్టికల్ కేవిటీ. పేరు చూసి భయపడకండి, ఎదురెదురుగా పెట్టిన రెండు అద్దాల మధ్య ఖాళీ, అంతే.

రెండు అద్దాల మధ్య ప్రతి తరంగమూ ఇమడదు. గట్టిగా బిగించిన తీగె మీద కొన్ని స్వరాలే పలికినట్టు, ఆ ఖాళీలో కొన్ని తరంగదైర్ఘ్యాలే నిలుస్తాయి. ఇమిడేవాటికి అక్కడ రాజభోగం, ఇమడనివాటికి ప్రవేశం లేదు. ఈ విషయం వేడి కంటే ముందు అణువుల దగ్గర తేలింది. అణువు కాంతిని విడుదల చేసే వేగం దాని సొంత గుణం మాత్రమే కాదనీ, చుట్టూ ఉన్న ఖాళీని బట్టి మారుతుందనీ పర్సెల్ 1946లో చెప్పాడు. 1983లో పారిస్‌లో హరోష్ బృందం కేవిటీతో ఆ వేగాన్ని పెంచి చూపించింది. 1985లో ఎం.ఐ.టి.లో క్లెప్నర్ బృందం రెండు పలకల మధ్య సీజియం అణువులని పంపి, ఆ వేగాన్ని దాదాపు ఆపేసి చూపించింది. కేవిటీల మీద చేసిన పనికే హరోష్‌కి 2012లో నోబెల్ వచ్చింది.

వేడిగా ఉన్న వస్తువు కూడా అలాంటి అణువుల గుంపే. కాబట్టి రెండు అతి చిన్న కణాల్ని రెండు అద్దాల మధ్య పెట్టి, అద్దాల దూరాన్ని వాటి ఇష్టమైన తరంగదైర్ఘ్యానికి సరిపడా సర్దితే వాటి మధ్య వేడి మార్పిడి పెరుగుతుంది. ఆ దూరం కాస్త తప్పిస్తే తరుగుతుంది. కొళాయి తిప్పినట్టు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. వీణకి కుండ ఉంటుంది. కుండ ఉన్న వీణకీ లేని తీగెకీ ఎంత తేడా ఉంటుందో మీ చెవులే చెప్తాయి. కానీ కుండ పాడదు. మీటిన వేలి బలం తీగెలోకి పోయింది, తీగెలోది కుండ ద్వారా గాల్లోకి పోయింది. కుండ చేసిందల్లా ఏ స్వరం ఎంత తేలిగ్గా బయటికి పోవాలో నిర్ణయించడమే. కేవిటీ కూడా అంతే. అది మధ్యవర్తి. దాని దగ్గర శక్తి నిల్వలేమీ లేవు. "కేవిటీతో వేడి మార్పిడి వంద రెట్లు పెరిగింది" అనే వాక్యాన్ని "కేవిటీలోంచి వంద రెట్లు శక్తి వచ్చింది" అని తర్జుమా చేసేవాడు కుండకి సన్మానం చేసి శాలువా కప్పేవాడు.

తోపుడు సంగతి

కాంతికి శక్తితో పాటు ద్రవ్యవేగం కూడా ఉంటుంది. అంటే తగిలిన చోట తోస్తుంది, విడుదలైన చోట వెనక్కి తంతుంది. ఎండ పడితే కూడా మనల్ని తోస్తుంది గానీ, భూమి దగ్గర ఆ ఒత్తిడి చదరపు మీటరుకి మైక్రోన్యూటన్లలో ఉంటుంది కాబట్టి మనకి తెలియదు.

తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు. దీనికో మంచి కథ ఉంది. 1972, 1973ల్లో నాసా పయొనీర్ 10, 11 అనే వ్యోమనౌకల్ని పంపింది. అవి సౌరకుటుంబం అంచులకి పోతుంటే, లెక్క ప్రకారం ఉండాల్సిన దాని కంటే అతి కొద్దిగా ఎక్కువగా నెమ్మదిస్తున్నాయని తేలింది. 1998లో ఆ తేడా గట్టిగా బయటికొచ్చింది. ఇంకేముంది, "ఐన్‌స్టైన్ తప్పు", "గురుత్వాకర్షణ సూత్రం బద్దలు" అని సందడే సందడి. ఈలోపు తురిషెవ్ అనే శాస్త్రవేత్తా ఆయన సహచరులూ పాత అయస్కాంత టేపుల్లోంచి దశాబ్దాల నాటి టెలిమెట్రీ వెదికి తీసి, నౌకలో ఏ భాగం ఎంత వేడిగా ఉండేదో ఓపిగ్గా లెక్కగట్టారు. 2012లో ఫలితం ప్రచురించారు. నౌకలోని వేడి అన్ని వైపులకీ సమానంగా పోవట్లేదు, ఒక వైపుకి ఎక్కువ పోతోంది. ఆ తాపు చాలు లెక్క సరిపోడానికి. కొత్త భౌతికశాస్త్రం ఏమీ లేదు.

నియమం బద్దలైందని అరిచే ముందు లాగ్ ఫైళ్లు చదవాలనే మాట ఏ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని అడిగినా చెప్తాడు. వీళ్లు చేసింది అదే :)

ఈ తోపుడుకే నానో ప్రపంచంలో ఇంకో రూపం ఉంది, కాసిమిర్ బలం. ఉష్ణోగ్రతని పరమశూన్యానికి తీసుకెళ్లినా విద్యుదయస్కాంత క్షేత్రాల్లో ఊగిసలాట పూర్తిగా ఆగదు. దానివల్ల, ఏ విద్యుదావేశమూ లేని రెండు లోహపు పలకలు శూన్యంలో ఒకదాన్నొకటి లాక్కుంటాయని హెండ్రిక్ కాసిమిర్ 1948లో చెప్పాడు. ఆయనా ఫిలిప్స్ వాడే. దాని తోబుట్టువు లాంటి ఫలితాన్ని అదే ఏడాది ఆయనతో కలిసి రాసిన డిర్క్ పోల్డరే, 1971 నాటి వేడి లెక్క రాసిన పోల్డర్. వేడి మార్పిడీ, ఈ లాగుడూ ఒకే చెట్టు కొమ్మలు, రెండూ క్షేత్రాల ఊగిసలాటలోంచే పుడతాయి. 1997లో లామొరో దీన్ని నమ్మకంగా కొలిచాడు. 1998లో కాలిఫోర్నియాలో ఉమర్ మొహిదీన్, అనుశ్రీ రాయ్ ఇంకా నిక్కచ్చిగా కొలిచారు.

"శూన్యంలోంచి శక్తి" దుకాణాలన్నిటికీ మూలవిరాట్టు ఈ కాసిమిర్ బలమే. అందుకని లెక్క ఇక్కడే వేసి చూపిస్తా.

నలభై వేల ఎకరాల ఫోను ఛార్జరు

మాకు దగ్గరి చుట్టం ఒక బాబాయి ఉన్నారు. రిటైరయ్యాక చేతిలో కాస్త డబ్బుంది. ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్ అబ్బాయ్, క్వాంటం వాక్యూమ్ జనరేటరుట, ఇంధనం అక్కర్లేదుట, బిల్లు రాదుట. మండలానికి ఒక్కటే డీలర్‌షిప్పు, మూడు లక్షలు డిపాజిట్టు. నువ్వు ఇంజినీరువి కదా, చెప్పు" అన్నారు. వాళ్లిచ్చిన కరపత్రం ఫోటో తీసి పంపారు. అందులో కాసిమిర్ పేరుంది, రెండు పలకల బొమ్మ ఉంది, "ప్లాంక్ నియమాన్ని బద్దలుకొట్టిన అమెరికా పరిశోధన" అని కూడా ఉంది. శీర్షిక ఎక్కణ్ణించి బయల్దేరి ఎక్కడికి చేరిందో చూశారా?

నేను బాబాయికి చెప్పిన లెక్క ఇది. చదరపు మీటరు వైశాల్యం ఉన్న రెండు ఆదర్శ లోహపు పలకలు తీసుకోండి. దూరం నుంచి తెచ్చి 10 నానోమీటర్ల దగ్గరకి చేర్చండి. ఆ లాగుడు వల్ల మొత్తం ఎంత పని దొరుకుతుంది? ఉదారంగా లెక్కేసినా 0.43 మిల్లీజౌళ్లు. మన చేతిలో ఉండే 5000 ఎం.ఎ.హెచ్. ఫోను బ్యాటరీలో సుమారు 69,000 జౌళ్లుంటాయి. అంటే ఒక్క ఫోను ఒక్కసారి ఛార్జి చెయ్యడానికి 16 కోట్ల చదరపు మీటర్ల పలకలు కావాలి. ఆయనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, నలభై వేల ఎకరాలు. అంతమేరా ఎక్కడా ఒక్క ధూళి కణం లేకుండా, 10 నానోమీటర్ల తేడాతో చదునుగా ఉండాలి.

"పోనీ, ఒకసారి ఛార్జి అయింది కదా, రెండోసారి?" అన్నారు బాబాయి. ప్రశ్న అంటే అదీ. రెండోసారి కావాలంటే పలకల్ని మళ్లీ విడదీయాలి. విడదీయడానికి సరిగ్గా అంత శక్తీ మనమే పెట్టాలి. నూతిలో పడేసిన చేదని పైకి లాగకుండా మళ్లీ పడెయ్యలేం కదా. కాసిమిర్ బలం స్ప్రింగు లాంటిది, చమురు బావి లాంటిది కాదు.

బాబాయి డబ్బు కట్టలేదు. ఆయన వియ్యంకుడు కట్టాడు. మిషను వచ్చింది, రెండు రోజులు తిరిగింది, ఆగిపోయింది. విప్పి చూస్తే లోపల బ్యాటరీలున్నాయి. అమ్మినవాళ్ల ఫోను ఇప్పటికీ స్విచ్ఛాఫే.

మూడు లక్షలంటే ఒక గుమాస్తా ఎన్నేళ్ల పొదుపో ఆలోచించండి. "శీర్షికే కదా, కాస్త మసాలా ఉంటే ఏం పోయింది?" అనేవాళ్లకి నా జవాబు ఇదే. పోయింది మూడు లక్షలు.

వచ్చే అభ్యంతరాలు

ఒకటి. "జనానికి ఆసక్తి కలగాలంటే కాస్త అతిశయోక్తి తప్పదు." తప్పుతుంది. నానోమీటర్ల ఖాళీలో వేడి గోడ దూకుతుందనడంలో లేని ఆసక్తి "బద్దలైంది" అనడంలో ఎక్కడుంది? 2019లో బర్కిలీ శాస్త్రవేత్తలు కొన్ని వందల నానోమీటర్ల శూన్యానికి అటూ ఇటూ ఉన్న రెండు సన్నటి పొరల మధ్య, కాసిమిర్ బలాన్నే వంతెనగా చేసుకుని, అణువుల కంపనాల రూపంలో వేడి దాటడం చూపించారు. 2020లో వియన్నాలో కాంతితో గాల్లో తేలబెట్టిన 150 నానోమీటర్ల లోపు గాజు కణాన్ని ఆప్టికల్ కేవిటీ సాయంతో అదుపు చేసి, దాని ఊగిసలాటని క్వాంటం సిద్ధాంతం ఒప్పుకునే కనిష్ఠ స్థాయికి తెచ్చారు. ప్రయోగం జరిగింది గది ఉష్ణోగ్రత దగ్గరే. కణం లోపల వేడి వేడిగానే ఉంది, కదలిక మాత్రం చల్లబడింది. కాంతి తోపుడుని అద్దాలతో అదుపు చెయ్యడం అంటే ఇది. దీనికి మసాలా కావాలా?

రెండు. "శాస్త్రవేత్తలు మాత్రం పొరబడరా?" పొరబడతారు, దిద్దుకుంటారు కూడా. 2017లో ఒక బృందం, కొన్ని నానోమీటర్ల ఖాళీలో సిద్ధాంతం చెప్పినదాని కంటే వేల రెట్లు ఎక్కువ వేడి దాటినట్టు ప్రచురించింది. అదే ఏడాది మిషిగన్‌లో ప్రమోద్ రెడ్డి, ఎడ్గర్ మేహోఫర్ ప్రయోగశాల వాళ్లు ఉపరితలాల్ని ఎంతో జాగ్రత్తగా శుభ్రం చేసి మళ్లీ కొలిచారు. శుభ్రం చేశాక ఫలితాలు సిద్ధాంతంతో సరిపోయాయి. మురికి గనక ఖాళీకి వంతెన కడితే అలాంటి తప్పుడు అంకెలు రావచ్చని చెప్పారు. కానీ "మురికి కడిగితే సిద్ధాంతం గెలిచింది" అనే శీర్షిక ఎక్కడైనా చూశారా? నేను చూళ్లేదు.

మూడు. "ఇంత చేసి ఏం లాభం? మన ఇంట్లో కరెంటు బిల్లు తగ్గుతుందా?" ఈ ప్రశ్న వేసేవాళ్లే ఉచిత కరెంటు వాడికి డిపాజిట్ కట్టడం నాకెప్పుడూ వింతగా ఉంటుంది. సరే, జవాబు. కాసిమిర్ ఆ లెక్క వేసింది శూన్యం మీద తత్వచింతనతో కాదు. ద్రవాల్లో తేలే సన్నటి పొడి ఎందుకు గడ్డకడుతుందనే పనికొచ్చే ప్రశ్న ఫిలిప్స్‌లో ఎదురైతే, అక్కణ్ణించి బయల్దేరాడు. వేడి సంగతికొస్తే, సీగేట్ కంపెనీ 2024లో 30 టెరాబైట్లు దాటిన హార్డ్‌డిస్కుల్ని ప్రకటించింది. వాటిలో డేటా రాసేటప్పుడు లేజరు కాంతిని పదుల నానోమీటర్ల చుక్కగా కుదించి, డిస్కు మీద ఆ చుక్కని క్షణంలో వేడెక్కిస్తారు. ఆ కాంతి కూడా ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉండే రకమే. హెడ్డుకీ డిస్కుకీ మధ్య ఖాళీ కొన్ని నానోమీటర్లే. అక్కడ ఎంత వేడి గోడ దూకుతుందో తెలియకపోతే ఆ డిస్కు తయారవదు. వేడి నుంచి కరెంటు తీసే థర్మోఫోటోవోల్టాయిక్ సెల్‌ని వేడి ఉపరితలానికి వంద నానోమీటర్ల దగ్గరకి చేర్చి, మిషిగన్ బృందం 2021లో చదరపు మీటరుకి 5 కిలోవాట్ల లెక్కన కరెంటు తీసింది, 6.8 శాతం సామర్థ్యంతో. అది వేడి పెట్టి తీసిన కరెంటు, ఉచితంగా వచ్చింది కాదు. 6.8 శాతమే అని వాళ్లే రాసుకున్నారు కూడా. నిజాయితీ అంటే అలా ఉంటుంది.

ఇక "ఇదంతా మన శూన్యవాదంలో ఎప్పుడో ఉంది" అనేవాళ్లకో దండం. నాగార్జునుడి శూన్యం వేరు, పంపు పెట్టి గాలి తోడేసిన గొట్టం వేరు. మాట ఒకటైనంత మాత్రాన సరుకు ఒకటవదు.

చివరికి చెప్పొచ్చేదేమంటే

సైన్సు రాసేవాళ్లని నేను అడిగేది ఒక్కటే. "బద్దలైంది" అని రాసే ముందు, ఆ నియమం ఏ షరతు మీద నిలబడిందో ఒక్క వాక్యం రాయండి. "కాంతి తరంగదైర్ఘ్యం కంటే పెద్ద ఖాళీలకి ప్లాంక్ సూత్రం వర్తిస్తుంది, ఇది అంతకంటే చిన్న ఖాళీ." పన్నెండే మాటలు. ఆ పన్నెండు మాటలుంటే మీ బొమ్మ కత్తిరించి కరపత్రం వేసుకోవడం దొంగకి కష్టమవుతుంది.

చదివేవాళ్లని అడిగేది ఇంకోటి. ఎవరైనా అంకె చెప్పి "ఇన్ని రెట్లు" అంటే, "దేనికంటే?" అనీ, "నికరంగా ఎంత?" అనీ అడగండి. ఈ రెండు ప్రశ్నలకీ భౌతికశాస్త్రం డిగ్రీ అక్కర్లేదు. కూరగాయల బేరంలో రోజూ అడిగేవే. వంకాయల దగ్గర అంత గట్టిగా ఉండేవాళ్లం, మూడు లక్షల దగ్గర మెత్తబడిపోతే ఎలా?

తా.క.: "పెద్ద కంపెనీలు తొక్కేస్తున్నాయి కాబట్టే ఈ మిషన్లు బయటికి రావట్లేదు" అని రాయబోయేవాళ్లకి ముందే ఒక మనవి. ఆ నలభై వేల ఎకరాల పలక ఎక్కడ దాచారో కూడా చెప్పండి. ఆదివారం పూట పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తా :)